ఏ స్కాన్ చేయించాలి? ముందు ఆ మందును ఒంట్లో ఏది పట్టుకుంటుందో చూడండి

ఒక ఆదివారం పొద్దున నందికొట్కూరు నుంచి మా పెదనాయన ఫోన్ చేశాడు. ప్రోస్టేట్ క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. ఒంట్లో ఇంకెక్కడికైనా పాకిందేమో చూడాలన్నారు. ఒక డాక్టరు బోన్ స్కాన్ చాలన్నారట, ఇంకొకాయన పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ చేయిస్తే మంచిదన్నారట. పక్కింటాయనేమో "మా బామ్మర్దికి మామూలు పెట్ స్కానే తీశారు, అన్నీ అందులోనే కనపడతాయి" అన్నాడట. "ఏమ్మా, అన్నిట్లోకి పెద్దదేదో అదే చేయించేద్దామా? ఖర్చు సంగతి చూడొద్దులే" అన్నాడు పెదనాయన.

నేను డాక్టర్ని కాదు. కర్నూలులో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతాను. హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ గురించి ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. పెట్ స్కాన్‌లో కనపడే ఆ నల్లటి మచ్చ హెక్సోకైనేజ్ చేసిన పనే. అది తెలిస్తే "పెద్ద స్కాన్", "చిన్న స్కాన్" అనే మాటకు అర్థం లేదని తెలుస్తుంది. మెషీన్ బయట ఉండి చూస్తుందంతే. చూపించాల్సింది సూదిలో ఎక్కించిన మందు. ఆ మందును ఒంట్లో ఏ కణం, దేనితో పట్టుకుంటుందో తెలుసుకుంటే, మన జబ్బుకు ఏది పనికొస్తుందో చాలా వరకు తేలిపోతుంది. పెదనాయనకు చెప్పిందే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. రాయలసీమలో మన ఇళ్లలో ఈ మాటలు విని టెన్షన్ పడేవాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

మందు ఎంజైమ్‌లా పనిచేస్తుందా, ఎంజైమ్ మందు మీద పనిచేస్తుందా?

ఈమధ్య మా పిల్లలే అడుగుతున్నారు, "మేడమ్, స్కాన్ మందులు ఎంజైమ్‌లా పనిచేస్తాయంట కదా?" అని. దీంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. 2007లో చైనా శాస్త్రవేత్తలు ఐరన్ ఆక్సైడ్ నానో రేణువులు పెరాక్సిడేజ్ ఎంజైమ్ చేసే పనే చేస్తాయని చూపించారు. అలాంటి రేణువులను నానోజైమ్‌లంటారు. వాటికి రేడియో ఐసోటోప్ (కిరణాలు వెదజల్లే పదార్థం) తగిలించి, ఒకే రేణువుతో అటు బొమ్మ తీయడం, ఇటు వైద్యం చేయడం రెండూ కుదురుతాయా అని ల్యాబుల్లో పరిశోధనలు సాగుతున్నాయి. ఇది ఎంతో ఆసక్తికరమైన పని. కానీ ఈరోజు మన అమ్మకో నాన్నకో స్కాన్ సెంటర్లో ఎక్కించే ఇంజెక్షన్ అది కాదు.

ఆ ఇంజెక్షన్‌లో ఉండే అసలు మందు బరువు ఒక పంచదార పలుకంత కూడా ఉండదు. అది ఒంట్లో ఏ రసాయన చర్యనూ నడపదు. మన ఒంట్లో ముందే ఉన్న ఎంజైమో, పంపో, ఎముకలోని ఖనిజమో దాన్ని పట్టుకుంటుంది. పట్టుబడిన చోట నుంచి వచ్చే కిరణాలను కెమెరా లెక్కపెడుతుంది. కాబట్టి ఏ స్కాన్ అన్న ప్రశ్నను "పట్టుకునేది ఎవరు?" అని మార్చి అడగాలి.

ఎఫ్‌డీజీ పెట్: చీటీ వేసిన బస్తా

మామూలుగా "పెట్ స్కాన్" అంటే ఎఫ్‌డీజీ స్కానే. ఎఫ్‌డీజీ అంటే గ్లూకోజే. కాకపోతే దాని రెండో కార్బన్ దగ్గర ఉండాల్సిన హైడ్రాక్సిల్ గుంపు తీసేసి అక్కడ కిరణాలు వెదజల్లే ఫ్లోరిన్-18 పెడతారు. కణం దీన్ని గ్లూకోజనే అనుకుని లోపలికి రానిస్తుంది. లోపల హెక్సోకైనేజ్ దానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఫాస్ఫేట్ తగిలాక ఆ అణువు కణం పొర దాటి బయటికి రాలేదు. ముందుకు పోదామంటే తర్వాతి ఎంజైమ్‌కు రెండో కార్బన్ దగ్గర హైడ్రాక్సిల్ కావాలి, అది లేదు. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి బస్తా గేటు దాటి లోపలికొచ్చి, దానికి చీటీ కూడా వేశాక, తూకం దగ్గర "ఈ సరుకు మేం తూయం" అన్నారనుకోండి. బయటికి పంపరు, లోపలికి తీసుకోరు. బస్తాలు అక్కడే పేరుకుపోతాయి. పెట్ స్కాన్‌లో నల్లగా కనిపించేది ఆ పేరుకున్న కుప్పే.

ఇక్కడ ఎంజైమ్ బలం చూడండి. ఒక్క హెక్సోకైనేజ్ అణువు ఒకదానికి చీటీ వేసి ఆగిపోదు, గంటసేపు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూనే ఉంటుంది. అందుకే చిన్న గడ్డ కూడా బాగా వెలుగుతుంది (బొమ్మలో నల్లగా కనపడటాన్నే వెలగడం అంటున్నాను). క్యాన్సర్ కణాలు చాలావరకు గ్లూకోజ్‌ను మామూలు కణాలకంటే విపరీతంగా తింటాయి. ఈ సంగతిని జర్మన్ శాస్త్రవేత్త ఆటో వార్బర్గ్ 1920లలోనే చెప్పారు. 1976లో అమెరికాలో మొదటిసారి మనిషికి ఎఫ్‌డీజీ ఎక్కించి మెదడు బొమ్మ తీశారు. లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), ఊపిరితిత్తుల క్యాన్సర్ లాంటి వాటిలో జబ్బు ఎంత పాకిందో, కీమో పనిచేస్తోందో లేదో చూడటానికి దీన్ని మించింది నాకు తెలిసి లేదు.

కానీ హెక్సోకైనేజ్ క్యాన్సర్‌కు మాత్రమే సొంతం కాదు. అన్ని కణాల్లోనూ ఉంటుంది. మెదడు గ్లూకోజ్ మీదే బతుకుతుంది కాబట్టి అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. అందుకే మెదడులోకి పాకిన చిన్న గడ్డలకు ఎమ్మారై మేలు. చీము, వాపు, ముఖ్యంగా టీబీ కూడా ఎఫ్‌డీజీని బాగా తీసుకుంటాయి. మన దేశంలో టీబీ ఎంత ఉందో చెప్పక్కర్లేదు. కాబట్టి ఊపిరితిత్తిలో మచ్చ వెలిగిందని రిపోర్టులో రాగానే ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టకండి. అది క్యాన్సరో టీబీయో చెప్పాల్సింది బయాప్సీ. స్కాన్‌తో అది తేలదు.

దీనికి తిరగేసిన సంగతి కాలేయంలో కనిపిస్తుంది. అక్కడ గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఉంది. హెక్సోకైనేజ్ వేసిన చీటీని అది పీకేస్తుంది. చీటీ పోయిన ఎఫ్‌డీజీ కణం దాటి వెళ్లిపోతుంది. కాలేయంలోనే పుట్టే క్యాన్సర్లలో కొన్నింటికి ఈ ఎంజైమ్ ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి పెద్ద గడ్డ ఉన్నా ఎఫ్‌డీజీలో కనపడకుండా పోవచ్చు. అలాంటి చోట కాంట్రాస్ట్ సీటీ, ఎమ్మారైలకే డాక్టర్లు మొగ్గు చూపుతారు. "పెట్‌లో ఏమీ లేదు" అన్నమాట అన్ని అవయవాల విషయంలో ఒకేలా నమ్మదగింది కాదు.

పెదనాయన ప్రశ్న: బోన్ స్కానా, పీఎస్‌ఎంఏనా?

ప్రోస్టేట్ క్యాన్సర్ చాలామందిలో గ్లూకోజ్‌ను అంతగా తినదు. పైగా మూత్రపిండాలు గ్లూకోజ్‌ను వెనక్కి లాగినట్టు ఎఫ్‌డీజీని లాగలేవు, అది మూత్రంలోకి పోయి మూత్రాశయం నిండా వెలుగుతుంది. పక్కనే ఉన్న ప్రోస్టేట్ ఆ వెలుగులో మునిగిపోతుంది. అందుకే పక్కింటాయన చెప్పిన మామూలు పెట్‌ను ముందే పక్కన పెట్టేశాం. ఆయన బామ్మర్దికి వచ్చింది వేరే జబ్బని తర్వాత తెలిసింది.

మిగిలినవి రెండు. బోన్ స్కాన్‌లో కిరణాలిచ్చే టెక్నీషియం-99ఎమ్ తగిలించిన ఎండీపీ అనే ఫాస్ఫేట్ లాంటి మందు ఎక్కిస్తారు. ఇందులో ఎంజైమ్ ప్రమేయం లేదు. ఎముక ఎక్కడ కొత్తగా కట్టుకుంటోందో అక్కడి ఖనిజానికి ఇది అతుక్కుంటుంది. అంటే ఇది క్యాన్సర్‌ను చూపదు, క్యాన్సర్‌కు ఎముక ఎలా స్పందిస్తోందో చూపుతుంది. ఎముక విరిగిన పాత చోటు, కీళ్లవాతం, పడినప్పటి దెబ్బ, ఇవన్నీ కూడా వెలుగుతాయి. మన ప్రాంతం వాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగి ఎముకలకు ఫ్లోరోసిస్ వచ్చినవాళ్లకు అస్థిపంజరం మొత్తం ఒకే తీరున నల్లగా వెలగొచ్చు. ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌లో కూడా అచ్చం అలాగే కనిపించవచ్చు. మీది అలాంటి ఊరైతే, నడుము వంగక చాలాకాలం నుంచి ఇబ్బంది పడుతుంటే, స్కాన్‌కు ముందే డాక్టరుకు చెప్పండి. ఈ ఒక్క మాట రిపోర్టు చదివే తీరును మార్చేస్తుంది.

పీఎస్‌ఎంఏ కథ వేరు. పీఎస్‌ఎంఏ అన్నదే ఒక ఎంజైమ్. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పైపొరలో అది విపరీతంగా ఉంటుంది. చిన్నపేగులో దాని అసలు పని ఫోలేట్‌కు వేలాడే గ్లుటమేట్ ముక్కల్ని కత్తిరించడం. స్కాన్ మందును ఆ ఎంజైమ్ నోట్లో సరిగ్గా ఇమిడేట్టు తయారుచేశారు, కానీ దాన్ని కత్తిరించడం ఆ ఎంజైమ్ వల్ల కాదు. నమలలేని ముద్ద నోట్లో ఇరుక్కున్నట్టు మందు అక్కడే ఉండిపోతుంది, మెల్లగా కణం లోపలికీ పోతుంది. హెక్సోకైనేజ్‌లా ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి పని జరగదు. ఒక ఎంజైమ్‌కు ఒక మందు అణువు, బస్సులో సీటు లెక్క. అయినా ఈ సీట్లు ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద కుప్పలుగా ఉంటాయి, మిగతా చోట్ల చాలా తక్కువ. అందుకే బొమ్మ స్పష్టంగా వస్తుంది. లాలాజల గ్రంథులు, మూత్రపిండాలు, చిన్నపేగు మామూలుగానే వెలుగుతాయి, వాటిని చూసి భయపడక్కర్లేదు.

2020లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనం నన్ను ఎక్కువ ఒప్పించింది. జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువున్న 302 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్ని, ఆపరేషన్‌కో రేడియేషన్‌కో ముందు పరీక్షించారు. పీఎస్‌ఎంఏ పెట్ 92 శాతం సరిగ్గా చెప్పింది. బోన్ స్కాన్, సీటీ రెండూ కలిపినా 65 శాతమే. పైగా ఒంటికి తగిలిన రేడియేషన్ కూడా పీఎస్‌ఎంఏలోనే సగానికి తక్కువ.

అయితే అందరూ పీఎస్‌ఎంఏకే పరిగెత్తాలా? అక్కర్లేదు. పీఎస్‌ఏ (రక్తపరీక్షలో చూసే ప్రోస్టేట్ ప్రోటీన్) చాలా తక్కువగా ఉండి, బయాప్సీలో జబ్బు నెమ్మదైన రకమని తేలితే అసలు ఏ స్కానూ వద్దని డాక్టర్లే అంటారు. పీఎస్‌ఏ విపరీతంగా పెరిగి, నడుము నొప్పితో లేవలేని మనిషికి జబ్బు ఎముకలకు చేరిందా అని మాత్రమే తెలియాలంటే బోన్ స్కాన్ సరిపోతుంది. పెట్‌కు అయ్యే ఖర్చులో చిన్న వంతుతో అయిపోతుంది. ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది స్కాన్ మీదే ఆధారపడి ఉంటే, లేదా ఆపరేషన్ అయ్యాక పీఎస్‌ఏ మళ్లీ మెల్లగా పెరుగుతుంటే, అప్పుడు పీఎస్‌ఎంఏకు పెట్టిన డబ్బుకు విలువ ఉంటుంది. పెదనాయనది మొదటి రకం ప్రశ్నే, ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది. అందుకే ఆయనకు పీఎస్‌ఎంఏ చేయించాం. కొన్ని ప్రోస్టేట్ క్యాన్సర్లకు ఈ ఎంజైమ్ ఉండదని, అప్పుడు స్కాన్ ఖాళీగా వచ్చినా జబ్బు లేదని కాదని డాక్టరు ముందే చెప్పారు. అలా చెప్పే డాక్టరు దొరకడం అదృష్టమే.

థైరాయిడ్: టెక్నీషియమా, అయోడినా?

కడప, అనంతపురం వైపు నుంచి నా దగ్గర చదివే ఆడపిల్లల్లో ఎంతమంది థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారో చూస్తే బాధేస్తుంది. వాళ్ల అమ్మలు అడిగే మొదటి ప్రశ్న, "థైరాయిడ్ స్కాన్ తీయించాలా?" అని. థైరాయిడ్ తక్కువై మాత్ర వేసుకునేవాళ్లకు మామూలుగా ఈ స్కాన్‌తో పని లేదు, టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చాలు. గొంతులో గడ్డ ఉంటే ముందు అల్ట్రాసౌండ్, అవసరమైతే సూదితో కణాలు తీసి చూసే ఎఫ్ఎన్ఏసీ. టీఎస్‌హెచ్ బాగా తగ్గిపోయి (అంటే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువై), గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉంటే అప్పుడు స్కాన్ మాట వస్తుంది. థైరాయిడ్ తనంతట తానే ఎక్కువ పనిచేస్తోందా, లేక వాపు వచ్చి నిల్వ ఉన్న హార్మోన్ బయటికి కారిపోతోందా అన్నది తేల్చడానికి.

థైరాయిడ్ కణానికి రెండు దశలున్నాయి. మొదటిది, రక్తంలోంచి అయోడిన్‌ను లోపలికి తోడే పంపు. రెండోది, థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్, అది లోపలికొచ్చిన అయోడిన్‌ను ప్రోటీన్‌కు అతికించి కట్టేస్తుంది. టెక్నీషియం మొదటి దశ దాటుతుంది, పంపు దాన్ని కూడా అయోడిన్ అనుకుని లాగుతుంది. ఎంజైమ్ మాత్రం మోసపోదు. కాబట్టి టెక్నీషియం కాసేపుండి వెళ్లిపోతుంది. అందుకే సూది వేసిన 20 నిమిషాలకే బొమ్మ తీసేస్తారు. అయోడిన్‌తో చేస్తే రెండు దశలూ కనపడతాయి, కానీ 24 గంటల తర్వాత మళ్లీ రావాలి.

చాలామందికి టెక్నీషియం చాలు, దాన్నే నేను ముందు చెబుతాను. చవక, త్వరగా అయిపోతుంది, అర్ధాయువు (సగానికి తరిగిపోవడానికి పట్టే కాలం) 6 గంటలే. అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు, అది విడుదల చేసే బీటా కిరణాలు థైరాయిడ్‌కే ఎక్కువ తగులుతాయి. దాన్ని థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మిగిలిన కణాలు ఎక్కడైనా ఉన్నాయా అని చూడటానికి, రేడియో అయోడిన్ వైద్యానికి మోతాదు లెక్క వేయడానికి వాడటం సబబు. బొమ్మకు మాత్రమే అయితే అయోడిన్-123 మంచిది, అర్ధాయువు 13 గంటలే, బీటా కిరణాలు లేవు. కానీ దాన్ని సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రంలో తయారుచేయాలి, అన్ని చోట్లా దొరకదు.

ఎంజైమ్ సంగతి ఇక్కడ ఇంకో రకంగా మన నెత్తికి వస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనవాళ్లకిచ్చే కార్బిమజోల్ మాత్ర అదే పెరాక్సిడేజ్‌ను ఆపుతుంది. ఆ మాత్ర వేసుకుంటూ అయోడిన్ పరీక్షకు వెళ్తే లెక్క తప్పొస్తుంది, అందుకే కొన్ని రోజుల ముందు ఆపమంటారు. డాక్టరు చెప్పకుండా మీరే ఆపకండి. ఈమధ్యే కాంట్రాస్ట్ సీటీ తీయించుకున్నవాళ్లకు ఆ కాంట్రాస్ట్‌లోని అయోడిన్‌తో థైరాయిడ్ నిండిపోయి ఉంటుంది, వారాలపాటు స్కాన్ సరిగ్గా రాదు. ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత అన్నది డాక్టర్ని అడిగే తీరాలి. క్యాన్సర్‌కు అయోడిన్ స్కాన్ అయితే ఒకటి రెండు వారాలు అయోడిన్ ఉప్పు మానేయమంటారు. ఉప్పు మానేసి ఊరగాయ తింటే మానినట్టు కాదు, మన ఇళ్లలో జరిగేది అదే.

పసిబిడ్డకు పాలిస్తున్న తల్లి అయితే అయోడిన్-131కు ముందు రెండుసార్లు ఆలోచించాలి. అది పాలలోకి వస్తుంది, ఆ బిడ్డకు ఇక పాలు పట్టకూడదు. టెక్నీషియం అయితే కొన్ని గంటల విరామంతో సరిపోతుంది. గర్భం ఉందేమోనన్న అనుమానం రవ్వంత ఉన్నా సిగ్గుపడకుండా ముందే చెప్పాలి.

గుండె, మెదడు

గుండెకు రక్తం సరిగ్గా అందుతోందా అని చూసే స్కాన్‌లో థాలియం-201 పాత మందు. పొటాషియం అనుకుని సోడియం-పొటాషియం ఏటీపేజ్ దాన్ని కణంలోకి లాగుతుంది. అది కూడా ఎంజైమే. దాన్ని కనుగొన్న డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కూకు 1997లో నోబెల్ వచ్చింది. కానీ థాలియం అర్ధాయువు 73 గంటలు, బొమ్మ కూడా మసక. టెక్నీషియం సెస్టమిబి దొరికేచోట అదే తీసుకోండి, అది మైటోకాండ్రియాలో చేరి నిలుస్తుంది. గుండెపోటు వచ్చి కొంత కండరం పనిచేయడం మానేస్తే, అది చచ్చిపోయిందా, నిద్రలో ఉందా అని తెలియాలి, బైపాస్ చేస్తే లాభముందా లేదా అన్నది దానిమీదే ఉంటుంది. అక్కడ ఎఫ్‌డీజీ మళ్లీ పనికొస్తుంది. బతికున్న కండరం రక్తం తక్కువైనా గ్లూకోజ్ తింటూనే ఉంటుంది. మందుతో గుండె రక్తనాళాలను విప్పార్చి చూసే పరీక్ష అయితే ముందురోజు నుంచి టీ, కాఫీ మానేయమంటారు. కెఫీన్ ఆ మందుకు అడ్డుపడుతుంది.

చేతులు వణుకుతున్నాయి, పార్కిన్సన్స్ అవునో కాదో తేలట్లేదు అన్నప్పుడు రెండు దారులున్నాయి. ఎఫ్-డోపా పెట్‌లో మెదడులోని ఎంజైమ్ మందును డోపమిన్ లాంటి పదార్థంగా మార్చి దాచుకుంటుంది. టెక్నీషియం ట్రోడాట్‌లో మందు డోపమిన్ ట్రాన్స్‌పోర్టర్‌కు, అంటే డోపమిన్‌ను కణంలోకి వెనక్కి లాగే పంపుకు అంటుకుంటుంది. అవునా కాదా అన్న ప్రశ్నకు రెండూ దాదాపు ఒకే జవాబిస్తాయి, కాబట్టి దగ్గరలో దొరికేదే చేయించుకోండి. చాలామందికి మంచి న్యూరాలజిస్టు చేత్తో చేసే పరీక్షే సరిపోతుంది.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది

ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు. హైదరాబాద్‌లో తయారైన మందు కర్నూలుకు రోడ్డు మీద రావాలంటే మూడున్నర గంటల పైమాటే. 220 నిమిషాలు అనుకుందాం, సరిగ్గా రెండు అర్ధాయువులు. 100 పాళ్లు బయల్దేరితే మన దగ్గరికి చేరేది 25. అందుకే ఎఫ్‌డీజీ సెంటర్లు సైక్లోట్రాన్ ఉన్న నగరాల చుట్టూనే ఎక్కువ. టెక్నీషియం అలా కాదు. మాలిబ్డినం-99 ఉన్న చిన్న జనరేటర్ వస్తుంది, దాని అర్ధాయువు 66 గంటలు. రోజూ పొద్దున ఆవును పితికినట్టు అందులోంచి టెక్నీషియం తీసుకుంటారు, వారంపాటు వస్తుంది. పీఎస్‌ఎంఏకు వాడే గాలియం-68 కూడా జనరేటర్‌లోంచే వస్తుంది. కాబట్టి బోన్ స్కాన్, థైరాయిడ్ స్కాన్, గుండె స్కాన్ గామా కెమెరా ఉన్న ఏ ఊళ్లోనైనా చేయించుకోవచ్చు, వాటి కోసం నగరం దాకా పోవాల్సిన పని లేదు. పెట్ దగ్గర్లో దొరక్కపోతే కర్నూలు వాళ్లు హైదరాబాద్ వైపు, అనంతపురం వాళ్లు బెంగళూరు వైపు చూస్తారు. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్, వేలూరు సీఎంసీల్లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి. కడప వాళ్లకు తిరుపతి దగ్గర. ప్రభుత్వ పథకంలో ఆ స్కాన్ వస్తుందో రాదో ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో ముందే అడగండి, డబ్బు కట్టాక అడిగితే లాభం లేదు.

మా అత్తకు లింఫోమా అప్పుడు జరిగింది చెప్పాలి. పెట్ స్కాన్ కోసం తెల్లవారుజామున 4 గంటలకు కర్నూలులో హైదరాబాద్‌కు కారెక్కాం. స్కాన్ సెంటర్ వాళ్లు ఫోన్‌లో "ఏమీ తినకండి" అని మాత్రమే అన్నారు. పెబ్బేరు దాటాక అత్తకు చలేసింది, ఒక గ్లాసు టీ తాగించాను. టీ తిండి కాదుగా అనుకున్నాం. అక్కడికి పోయాక వేలు గుచ్చి చూస్తే షుగర్ 236. రక్తంలో మామూలు గ్లూకోజ్ అంతుంటే ఎఫ్‌డీజీకి చోటెక్కడిది? షుగర్ 200 లోపుంటేనే చేస్తామన్నారు. అత్త కళ్లనీళ్లతో వెనక్కొచ్చింది. హెక్సోకైనేజ్ పాఠం చెప్పే నేనే పక్కనుండి టీ ఇప్పించాను. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

రెండోసారి ముందురోజు రాత్రే వెళ్లి పడుకున్నాం. షుగర్ 142. సూది వేసి గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోమన్నారు. అత్త కొంగు చివర్న వక్క ముడి ఉందని నేను చూసుకోలేదు. తోచక వక్క నములుతూ పడుకుంది. రిపోర్టులో రెండు దవడల కండరాలూ వెలిగాయని రాశారు, "నమలడం వల్ల కావచ్చు" అని పక్కనే రాయడంతో బతికిపోయాం. పని చేసే కండరం గ్లూకోజ్ తింటుంది, అంతే. ముందురోజు పొలంలో బరువులెత్తినా ఇదే తంటా.

అందుకే ఎఫ్‌డీజీకి వెళ్లేవాళ్లు ఆరు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకండి. టీ, పాలు, వక్కాకు, గ్లూకోజ్ ఎక్కించిన సెలైన్, ఏదీ వద్దు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో రెండు రోజుల ముందే అడగండి. మెట్‌ఫార్మిన్ వేసుకుంటే పేగులు వెలుగుతాయి, కొందరికి ముందే ఆపమంటారు. పొద్దున మొదటి స్లాటే అడగండి. బోన్ స్కాన్‌కు, పీఎస్‌ఎంఏకు పస్తు అక్కర్లేదు, నీళ్లు మాత్రం బాగా తాగాలి. షుగర్ ఉన్న ముసలివాళ్లకు ఇది చిన్న తేడా కాదు.

రేడియేషన్ భయం గురించి ఒక్క మాట. మాకు తుమ్మలపల్లె యురేనియం గని దగ్గర కాబట్టి కడప వైపు బంధువులు ఈ పదం వింటేనే ఉలిక్కిపడతారు. యురేనియం-238 అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు, ఎఫ్‌డీజీది 110 నిమిషాలు. రాత్రికల్లా ఒంట్లో లేనట్టే. 10 మిల్లీక్యూరీల ఎఫ్‌డీజీతో తగిలేది దాదాపు 7 మిల్లీసీవర్ట్‌లు, సీటీది దానికి అదనం. ప్రకృతిలోంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ తగులుతాయి. అవసరమైన స్కాన్‌కు ఇది భయపడాల్సిన మోతాదు కాదు, అవసరం లేనిదానికి మాత్రం ఎందుకు? ఆ రోజుకు పసిపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోకండి, గర్భిణులకు కాస్త ఎడంగా ఉండండి, నీళ్లు తాగి మాటిమాటికీ మూత్రానికి వెళ్లండి.

డాక్టర్ని అడగాల్సినవి నేను పెదనాయనకు చీటీ మీద రాసిచ్చాను. ఈ స్కాన్‌లో ఏం కనిపిస్తే వైద్యం మారుతుంది? ఏమీ కనిపించకపోతే జబ్బు లేదనా, మందును పట్టుకునేది అక్కడ లేదనా? ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇదే జవాబు వస్తుందా? ఆయన ఆ చీటీని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లి, కళ్లజోడు తుడుచుకుని, ఒక్కోటీ చదివి అడిగాడు. డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుని మూడింటికీ జవాబు చెప్పారు. వచ్చేటప్పుడు పాత సీటీ ఫిల్ములు, బయాప్సీ రిపోర్టు, వేసుకునే మాత్రల పట్టీ, స్కాన్ సీడీ అన్నీ ఒకే సంచిలో పెట్టి బీరువాలో దాచాడు. మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు అవన్నీ అవసరమయ్యాయి.